ఘాట్ రోడ్డు మీద నూట ఇరవై ఎనిమిది

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. గేర్‌బాక్సులు మూడు. వాటిలో మాడి నల్లబడ్డ ఎర్ర ఆయిల్ ఇరవై ఏడు లీటర్లు. అరకు దారిలో బండి ఆగిపోయి, పిల్లాజెల్లాతో రోడ్డు పక్క రాళ్ల మీద కూర్చున్న ప్రయాణికులు ఇరవై మంది. చెప్పాపెట్టకుండా పని మానేసిన డ్రైవర్లు ఇద్దరు. మాన్పించేసిన డ్రైవరు ఒకడు. అతనికి పదహారేళ్లుగా ఉన్న మంచి పేరు. నాకు పదకొండేళ్లుగా ఉన్న ఉద్యోగం. నా లెక్క తప్పదని నాకున్న గర్వం. దానికి కొలత లేదు కాబట్టి ఒకటి అని వేసుకుంటున్నాను.

ఇప్పుడు షెడ్లలో పని నేర్చుకుంటున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. సానుభూతి కోసం కాదు. నేను చేసింది నేను ఒప్పుకున్నాను. షెడ్డు ఓనరువాళ్లు చేసింది వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. ఆ తేడా మీకు తెలియాలి.

నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. బండి కరెంటు పని చూసి చూసి నేర్చుకున్నాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే ఒంటబట్టాయి. ఏ బండికి ఏ రోజు ఏ ఫ్యూజు మార్చానో, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిందో నోటుపుస్తకాల్లో రాసుకునేవాణ్ణి. గాజువాక దాటాక స్టీల్ ప్లాంటుకు వెళ్లే దారిలో ఉండే ఒక ట్రావెల్స్ షెడ్డులో పని. అక్కడ అందరూ నన్ను లెక్కల మాస్టారు అనేవాళ్లు. సగం గౌరవం, సగం ఎకసెక్కం.

మా దగ్గర తొమ్మిది బండ్లుండేవి. ఐదు ప్లాంటు, పోర్టు ఆఫీసర్ల డ్యూటీకి. మిగతా నాలుగు అరకు ప్యాకేజీలకు. ఆ నాలుగూ గేరు మార్చే పని లేని ఆటోమేటిక్ బండ్లు, డ్రైవరు కాక ఏడుగురు పట్టేవి. ఓనరు వాటిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఏడాది తిరిగేసరికి రెండింటి గేర్‌బాక్సులు కాలిపోయాయి. రెండూ అనంతగిరి ఘాట్ మీదే. ఆ రెండు బండ్ల డ్రైవర్లూ మాటలు పడలేక వెళ్లిపోయారు.

మూడో బండి డ్రైవరుది పద్మనాభం ఊరు. ఇంటి దగ్గర ఎకరంన్నర వరి, రోజూ తెల్లారే బస్సెక్కి షెడ్డుకి వచ్చేవాడు. వరసకు ఏమీ కాడు గానీ నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావ అనే అనేవాణ్ణి. పదహారేళ్లు బండి నడిపి ఒక్క గీత కూడా పడనివ్వని మనిషి. ఒకరోజు అతనే వచ్చి చెప్పాడు.

"బావా, ఘాట్ ఎక్కినప్పుడు కమురు కంపు కొడతంది. గేరు జారినట్టు అవుతంది. ఇదీ ఆ రెండిటి దారే పట్టీసేలా ఉంది, సూడు."

మా మేనేజరుగారు అమలాపురం వైపు మనిషి. మంచి మాటకారి. ఆయన నన్ను పిలిచి, "మాస్టారూ, గేర్‌బాక్సు ఎంత వేడెక్కుతోందో చెప్పే మీటరేదన్నా ఉంటదాండీ? ఉంటే పెట్టేయండి. బండి తప్పో, నడిపేవాడి తప్పో తేలిపోద్ది కదండీ," అన్నాడు.

ఉంటుంది. ఆ బండిలో లోపల ఒక హెచ్చరిక దీపం ఉంది గానీ అది అంతా అయిపోయాక వెలుగుతుంది. నాకు కావలసింది ముందునుంచీ అంకె చెప్పే ముల్లు. గేజీ తెప్పించాను. పెట్టెలోంచి తీసి నేరుగా బిగించలేదు. షెడ్డు ఎదురు టీ బడ్డీకి తీసుకెళ్లి, దాని సెన్సరును మరుగుతున్న నీళ్ల గిన్నెలో ముంచాను. మనది సముద్రం ఒడ్డు, నీళ్లు నూరు దగ్గర మరగాలి. ముల్లు తొంభై తొమ్మిది చూపింది. బడ్డీ ఆవిడ నా వంక చూసి, "ఆ నీళ్లతో టీ ఎట్టమంటావేటి, గేరాయిల్ వోసనొత్తే?" అంది. ఇంకో గిన్నె నీళ్లకు డబ్బులిచ్చి వచ్చాను.

బిగించడం పెద్ద విద్య కాదు. గేర్‌బాక్సులోంచి వేడి ఆయిలు ఒక గొట్టంలో ముందుకు వెళ్లి, గ్రిల్లు వెనక ఉన్న చిన్న కూలర్‌లో చల్లబడి, ఇంకో గొట్టంలో వెనక్కి వస్తుంది. వేడిది ఏదో తెలుసుకుని దానిలోనే సెన్సరు పెట్టాలి. రెండోదానిలో పెడితే చల్లారాక ఉండే అంకె వస్తుంది, అది ఎవరికీ పనికిరాదు. బండి స్టార్ట్ చేసి కాసేపు ఉంచి రెండు గొట్టాలూ పట్టుకు చూశాను. వేడిదాన్ని కోసి టీ జాయింటు వేశాను. మరలకు టేపు చుట్టలేదు, ఎందుకంటే సెన్సరుకు ఎర్తు ఆ మరల మీదుగానే అందుతుంది. ఎర్తు సరిగా అందకపోతే ముల్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఈ ముక్క నాకు ఆ రోజు బాగా తెలుసు. గుర్తుపెట్టుకోండి, తెలుసు.

గేజీని స్టీరింగు ఎడమ పక్కన బిగించాను. మర్నాడు బండి ఖాళీ. మేనేజరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని పెందుర్తి మీదుగా నేనే నడుపుకుంటూ ఘాట్ ఎక్కించాను. ప్రతి కిలోమీటరుకూ ముల్లు చూసి అంకె చెప్పాను, ఆయన రాసుకున్నాడు. అన్నిటికన్నా ఎక్కువ తొంభై నాలుగు. నూరు లోపు ఉంటే ఆ ఆయిలుకు ఏ ఢోకా లేదు. నూట ఇరవై దాటితే ఆయిలు చావడం మొదలవుతుంది.

సాయంత్రం కాగితం మీద రాసి సంతకం పెట్టాను. "బండిలో లోపం కనపడలేదు. నడిపే తీరు గమనించవలెను." మొదటి వాక్యం నేను చూసింది. రెండో వాక్యం నేను చూడనిది. కాగితం నిండుగా ఉంటుందని రాశాను.

వారం తిరిగాక ఆదివారం. మా ఇంట్లో భోజనం ముందు కూర్చున్నాను. ఫోను మోగింది. బావ. వెనకాల పిల్లల ఏడుపు, ఎవరో పెద్దాయన కేకలు వినబడుతున్నాయి.

"బావా, ముల్లు నూట ముప్పై దాటీసింది. ఆపీమంటావా, ఎల్లిపోమంటావా? పార్టీవోళ్లు గుహలు మూసెత్తారని గొడవెట్టీత్తన్నారు."

"నూట ముప్పయ్యా? నాను ఎక్కించి సూసినాను గదా, తొంభై నాలుగు దాటలేదు. నువ్వు గట్టిగా తొక్కుతన్నావేటి?"

"లేదు బావా. నీ మీదొట్టు. కాలు పెట్టీపెట్టనట్టే ఎట్టినాను."

"అయితే వైరు లూజయ్యుంటాది. ఎర్తు అందక అలా సూపిత్తాది. ఎల్లిపో, నాను సూసుకుంటాను."

ఎర్తు లూజయితే ముల్లు కిందికి పడుతుంది, పైకి పోదు. వారం కిందట నాకు తెలిసిన ముక్క ఆ నిమిషంలో నాకు తెలియకుండా పోయింది. నేను పెట్టిన గేజీ నిజం చెబుతుంటే, నేను రాసిన కాగితాన్ని నమ్మాను. కంచం ముందు కూర్చుని, డెబ్బై కిలోమీటర్ల దూరంలో చెయ్యి కాలుతున్నవాడికి నీ చెయ్యి చల్లగానే ఉందని చెప్పాను.

అతను వెళ్లాడు. నాలుగు కిలోమీటర్ల తర్వాత గేర్‌బాక్సు పోయింది.

సోమవారం పొద్దున్న బండిని లాక్కొచ్చారు. ఆయిలు చూస్తే తారులా ఉంది. కూలర్‌లో చెత్త ఏమైనా అడ్డుపడిందేమోనని గాలి కొట్టబోయి చూశాను. రేకులు తళతళలాడుతున్నాయి, ఒక్క పురుగు కూడా లేదు. లోపం లేదన్న నా మాటకు ఇది ఇంకో సాక్ష్యం అనుకున్నాను. మధ్యాహ్నానికి ఓనరు నా కాగితం చేత్తో పట్టుకుని బావను నిలబెట్టాడు. "మాస్టారు రాసిచ్చినాడు, బండిలో లోపం లేదని. నువ్వే కాల్చీసినావ్," అన్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. ఫోను సంగతి అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అదే రోజు ట్రావెల్స్ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పడింది. కింద ఇలా ఉంది. "ఈ డ్రైవర్ అశ్రద్ధగా నడిపి మా బండి గేర్‌బాక్స్ కాల్చేశాడు. ఎవరూ ఇతనికి బండి ఇవ్వవద్దు." విశాఖలో ఆ గ్రూపు చూసుకోకుండా ఎవరూ డ్రైవరును పెట్టుకోరు. అంటే, ఊళ్లో అతనికి స్టీరింగు లేదు.

తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నాకు నేను చెప్పుకున్న సాకులు రాసుకోలేదు గానీ, రాస్తే ఒక నోటుపుస్తకం నిండేది.

పదో రోజు బావ భార్య షెడ్డుకి వచ్చింది. చేతిలో గోనెసంచి. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆవిడే అడిగి నా దగ్గరకు వచ్చింది.

"నువ్వేనా బాబూ, బండికి గెడియారం ఎట్టినోడివి?"

"నానేనమ్మా."

"ఏటి సెప్పింది నీ గెడియారం?"

నేను చేతిలో పానా కింద పెట్టాను.

"మా ఇంటాయన పది రోజులై తిండి తింటం లేదు. మొన్న మధురవాడలో ఒకల కాడికి పనికెల్తే ఫోను తీసి ఫొటో సూపించీసి పొమ్మన్నారంట. ఏటయ్యిందో సెప్పమంటే సెప్పడు. నిన్న బతిమాలితే సెప్పినాడు, నువ్వు ఎల్లిపోమంటే ఎల్లినానని. నీ పేరు బయటెట్టొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. నాను ఒట్టు తప్పుతన్నాను. నువ్వేటి తప్పుతావో నీ ఇష్టం."

సంచి నా ముందు బోర్లించింది. కంపెనీ చొక్కాలు రెండు, గుర్తింపు కార్డు, చుట్టచుట్టిన ఒక ఫ్లెక్సీ. "ఇయి మీ కంపెనీయి. అన్నీ అందినాయని సంతకం ఎట్టియ్యి. రేపు ఇయీ దొంగిలించీసినాడని గ్రూపులో ఎడతారు."

సంతకం పెట్టే ముందు లెక్క చూసుకోవడం నా అలవాటు. ఫ్లెక్సీ విప్పాను. ప్యాకేజీ పేరు, జలపాతం బొమ్మ, ఓనరు ఫొటో. దాని మీద దట్టంగా పురుగులు. చితికిపోయి, ఎండిపోయి, అంటుకుపోయిన పురుగులు. ఓనరు మొహం మీదే ఇరవై పైన ఉన్నాయి.

ఘాట్ ఎక్కి వచ్చిన బండి కూలర్‌కి అంటుకోవలసిన పురుగులు ఇవి. కూలర్ తళతళలాడుతోంది.

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. అరకు పార్టీ ఎక్కేచోట, పార్టీ ఎక్కే ముందు, బండి ముందు భాగానికి ఈ ఫ్లెక్సీ తాళ్లతో కట్టాలి. ప్రయాణికులను దాని ముందు నిలబెట్టి ఫొటో తీసి ఓనరుకు పంపాలి. సాయంత్రం తిరిగొచ్చి షెడ్డు గేటు దగ్గరే విప్పి, చుట్టి, ఆఫీసులో అప్పగించాలి. వర్షానికి, షెడ్డు మసికి పాడవకూడదని ఓనరు ఆజ్ఞ. బండి చెడిపోతే మొట్టమొదట ఫ్లెక్సీ విప్పి దాచాలి, ఎందుకంటే చెడిపోయిన బండి మీద కంపెనీ పేరు కనపడకూడదు. అందువల్ల పదకొండేళ్లలో నా చేతికి వచ్చిన ఏ బండికీ ఫ్లెక్సీ లేదు. నేను గేజీ పెట్టి ఘాట్ ఎక్కించిన బండికీ లేదు. మనుషులూ లేరు. ఆ బండి ఏనాడూ చెయ్యని ప్రయాణం చేయించి, దానికి రోగం లేదని రాసిచ్చాను.

టేపు తెచ్చి కొలిచాను. నాలుగడుగుల వెడల్పు, రెండున్నర ఎత్తు. షెడ్డులో మిగిలిన నాలుగో ఆటోమేటిక్ బండి ముందు పెట్టి చూశాను. గ్రిల్లు పైనుంచి కింద దాకా పూర్తిగా మూసుకుపోయింది, వెనకున్న కూలర్‌కి గాలి అందే దారే లేదు. చలికాలం మనం చెవులకు కట్టుకున్నట్టు, బండి ముక్కుకు కట్టాం.

ఆవిడ అడిగింది. "ఏటి బాబూ, సంతకం ఎడతావా, ఎట్టవా?"

"ఎడతానమ్మా. కానీ ఇది నా కాడే ఉండనీ. బావని ఎల్లుండి పొద్దున్నే రమ్మను."

"వొచ్చి ఏటి సేత్తాడు?"

"బండి నడుపుతాడు."

గేజీ తీసి నాలుగో బండికి బిగించాను. తాళం నా జేబులో వేసుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్లాను. ఎల్లుండి ఘాట్‌కి నాతో రావాలన్నాను. ఎవరు నడుపుతారన్నాడు. చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "మీకేవన్నా మతిపోయిందాండీ? మాన్పించేసినవాడికి బండిస్తారా? ఏదన్నా అయితే ఎవరండీ జవాబు?"

"కేసు ఆడి కాలు మీద పెట్టినారు గదండీ. ఆ కాలు పెడలు మీద ఉండాలి. నాను నడిపితే ఏటి తేల్తాది?"

"ఆదివారం బండికి పార్టీ ఉందండీ. తాళం ఇచ్చేయండి."

"ఎల్లుండి నాతో వొస్తే ఆదివారానికి బండి ఉంటాది. రాకపోతే తాళం నా జేబులో ఉంటాది. ఓనరుగారికి అలాగే సెప్పండి."

అంతకు ముందు పదకొండేళ్లలో నేను ఆ గదిలో కుర్చీలో కూర్చోలేదు. ఆ రోజు కూర్చుని చెప్పాను. ఆయన నా మొహం, జేబు రెండూ చూసి, "సరేలెండి, టిఫిను తెచ్చుకుంటాను," అన్నాడు.

ఈసారి లెక్క ముందే వేసుకున్నాను. ఏడుగురు ప్రయాణికులు, మనిషికి అరవై ఐదు కిలోలు. నేనూ మేనేజరుగారూ ఇద్దరి చోటు తీసుకుంటాం. మిగతా ఐదుగురికి మూడు వందల ఇరవై ఐదు. పాతిక కిలోల ఇసక మూటలు పదమూడు. మేనేజరుగారు ఎక్కుతుంటే బండి వంగడం చూసి, బావ నెమ్మదిగా అన్నాడు.

"బావా, మేనేజరుగోరిది అరవై అయిదంటావేటి? ఒక మూట దించీ."

దించాను. పన్నెండు. ఆ రోజు బావ అన్న మొదటి మాట అదే. తిండి మానేసి సగమయ్యాడు గానీ నోరు ఇంకా ఉంది.

మొదటిసారి ఫ్లెక్సీ లేకుండా. ఏసీ వేసి, మూటలతో, ఘాట్ మొదలు నుంచి పదకొండు కిలోమీటర్లు. మొదట్లో ముల్లు ఎనభై నాలుగు, ఎక్కేసరికి నూట మూడు. మేనేజరుగారి చేతే రాయించాను. కిందికి దిగి, ముల్లు తిరిగి ఎనభై నాలుగుకు వచ్చేదాకా నలభై నిమిషాలు ఆగాం. ఆయన టిఫిను విప్పాడు. బావకు ఒక ఇడ్లీ పెట్టబోతే వద్దన్నాడు.

తర్వాత ఫ్లెక్సీ తీసి బావ చేతికిచ్చాను. "రోజూ ఎలా కడతావో అలాగే కట్టు." నాలుగు తాళ్లు, నాలుగు ముళ్లు. చేతులకు అలవాటైన పని, ఒక నిమిషం పట్టలేదు.

మూడో కిలోమీటరుకు నూట రెండు. ఆరో దానికి నూట పంతొమ్మిది. మేనేజరుగారు రాయడం ఆపేసి ముల్లు వైపే చూస్తున్నాడు. నేను బావ కాలు చూస్తున్నాను. నిజంగానే పెట్టీపెట్టనట్టుంది. ఏడో కిలోమీటరు మలుపులో నూట ఇరవై ఎనిమిది. కమురు వాసన మొదలైంది.

"బావా," అన్నాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "ఆపీమంటావా, ఎల్లిపోమంటావా?"

"ఆపీ బావా. ఆపీ."

పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. ముందుగా తేరుకున్నది మేనేజరుగారు.

"అది కాదండీ మాస్టారూ. ఇందాక పొద్దున్న చల్లగా ఉంది. ఇప్పుడు ఎండెక్కిపోయింది. వేడి ఎండ వల్లనే ఏమో కదండీ?"

ఆయన ఆ మాట అంటాడని నాకు తెలుసు. ఫ్లెక్సీ విప్పించి, కిందికి దిగి, మళ్లీ ఎనభై నాలుగు దాకా ఆగి, మిట్టమధ్యాహ్నం మూడోసారి ఎక్కించాను. అదే రోడ్డు, అదే మూటలు, అదే కాలు, ఇంకా ఎక్కువ ఎండ. పదకొండో కిలోమీటరుకు నూట నాలుగు. అంటే ఎండ వాటా ఒక్క డిగ్రీ. ఫ్లెక్సీ నాలుగు కిలోమీటర్లు ముందే, ఘాట్ పూర్తిగా ఎక్కకుండానే, పాతిక ఎక్కువ పెట్టింది.

మేనేజరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరుగుదారిలో శృంగవరపుకోట దాటాక అన్నాడు. "మీరు చెప్పింది నిజవేనండీ. నాకు ఇద్దరు చదువుకునే పిల్లలున్నారండీ." ఆ రెండు వాక్యాలకూ మధ్య ఉన్నదేమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

మర్నాడు ఓనరు గదిలో అంకెలు చదివాను. ఆయన చివరిదాకా విని, పక్కన నిలబడ్డ మేనేజరుతో, "ఫ్లెక్సీలన్నీ తీయించీయ్," అన్నాడు. సాయంత్రానికి నాలుగూ పోయాయి. అంత త్వరగా ఒప్పుకున్న మనిషి, గ్రూపు మాట ఎత్తేసరికి మారిపోయాడు.

"గ్రూపులో ఏసింది ఎనక్కి తీసుకుంటే మా పరువేటవుతాది? నా ఫొటో ఏసుకున్న ఫ్లెక్సీయే నా బండ్లు కాల్చీసిందని నాను రాయాలా? నవ్వరా?"

"నవ్వుతారండీ. రెండ్రోజులు నవ్వి మానేత్తారు. ఆడికి బతుకు పోతాది."

"నీ మొదటి రిపోర్టు నా కాడుంది. సంతకం నీదే గదా?"

"నాదే. అందుకే అది తప్పని సెప్పే హక్కూ నాదే." రెండో కాగితం బల్ల మీద పెట్టాను. అందులో మూడుసార్లు ఘాట్ ఎక్కిన అంకెలతోపాటు, ఆదివారం ఫోనులో బావ నన్ను ఏమడిగాడో, నేను ఏం చెప్పానో అక్షరం వదలకుండా రాశాను. ఎర్తు విషయం కూడా.

చదివి నవ్వాడు. "అయితే బండి కాల్చింది నువ్వన్న మాట. నిన్ను మాన్పించీయాలి."

"మాన్పించీయండి. గ్రూపులో నా ఫొటో కూడా ఎయ్యండి. ఆడి ఫొటో మాత్రం తీసీయండి."

"తియ్యను. ఏటి సేత్తావ్?"

ఏం చేశానో చెబుతాను. ఆ కాగితానికి జిరాక్సులు తీయించి, ఒకటి షెడ్డు గోడకు, డ్రైవర్లు తాళాలు తగిలించే మేకుల పక్కన అంటించాను. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవర్లందరి ముందూ పైకి చదివాను. ఫోను దగ్గరకు వచ్చేసరికి ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదటినుంచి చదివాను. ఒక ముసలి డ్రైవరు, "మాస్టారూ, ఇన్నాళ్లూ మా తప్పులే లెక్కెట్టేవోడివి," అన్నాడు. అవును. నా పనిముట్లు నా సంచిలో పెట్టుకున్నాను. గేజీ విప్పుకున్నాను, అది నా డబ్బుతో కొన్నది, బిల్లు నా పేరున ఉంది. ఆ సంచితో గేటు దాటాను. వాళ్లు పొమ్మనకముందే దాటాను, ఆ సంగతి కూడా రాసుకోండి.

గోడ మీద కాగితం మర్నాడే చింపేశారట. కానీ చదివినవాళ్లు చదివారు. అప్పటినుంచి మా వైపు ఏ డ్రైవరూ బండి ముక్కుకు ఫ్లెక్సీ కట్టనివ్వడం లేదని విన్నాను. వెనకద్దానికి కట్టుకోమంటున్నారట. దానికి నాకెవరూ సన్మానం చెయ్యలేదు. అక్కర్లేదు.

ఇప్పుడు పెందుర్తిలో ఇంటి ముందే చిన్నగా కరెంటు పని చేసుకుంటున్నాను. ఎవరైనా గేజీ పెట్టమంటే పెడతాను. పెట్టాక, వాళ్లు రోజూ వెళ్లే దారిలో, రోజూ ఎక్కేంతమందితో, రోజూ కట్టేవన్నీ కట్టించి తిప్పితే తప్ప ఒక్క ముక్క రాసివ్వను. ముల్లు మీరు ఊహించని అంకె చూపిస్తే ముల్లును తిట్టే ముందు బండి ఆపండి. నా దగ్గర నేర్చుకోవలసింది అంతే.

బావ మధురవాడలో అపార్ట్‌మెంట్లకు సామాన్లు దించే వ్యాను నడుపుతున్నాడు. మూటలు కూడా తనే మోస్తాడు. కార్లు, అరకు, పార్టీలు అతనికి లేవు. పోయిన నెలలో కొత్తగా పెట్టిన ఒక ట్రావెల్స్‌లో అడిగితే, ఆ గ్రూపులో ముందునుంచీ ఉన్న అక్కడి కుర్రాడు ఫోనులో వెనక్కి వెనక్కి వెళ్లి ఆ ఫొటో పట్టుకున్నాడట. బావ వచ్చి చెప్పి, "పోన్లే బావా, ఒగ్గీ," అన్నాడు. అతను వదిలేయొచ్చు. నన్ను వదిలేయమనే హక్కు అతనికి కూడా లేదని చెప్పాను. వాళ్లావిడ, "అదీ మాట," అని నాకు టీ పోసింది.

ఓనరుకు ప్రతి నెలా ఒకటో తారీకున ఒక మెసేజీ పంపుతాను. గ్రూపులో వెయ్యమని. ఎలా రాయాలో తెలియదంటాడేమోనని నేనే రాసిపెట్టాను. "ఈ డ్రైవర్ తప్పేమీ లేదు. గేర్‌బాక్స్ కాలింది మా ఫ్లెక్సీ వల్ల. ఇతనికి బండి ఇవ్వవచ్చు." ఆయన అప్పుడు వేసినవి ఎన్ని మాటలో లెక్కపెట్టి, సరిగ్గా అన్నే రాశాను. ఒక్కటి ఎక్కువ అడగలేదు. ఇప్పటికి అరవై ఎనిమిది సార్లు పంపాను. అరవై ఎనిమిది సార్లూ చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. వచ్చే నెల అరవై తొమ్మిదోది వెళుతుంది.

నా వంతు తప్పు నేను గోడకు అంటించి చదివాను, నా లెక్క అక్కడికి చెల్లు. వాళ్లు ఆ మనిషి మీద వేసినవి పన్నెండు మాటలు. తిరిగి వేసినవి సున్నా. ఈ రోజుకీ బాకీ పన్నెండు.